రాణీగంజ్‌లో ఒక పూట

హైదరాబాదునుంచి ట్యాంకుబండు మీదుగా సికిందరాబాదు వచ్చేవారికి హుస్సేన్‌సాగరు గాలి వెనకబడి ఇనుము వాసన ముక్కుకు సోకిందంటే రాణీగంజ్ వచ్చిందన్నమాట. చీరలకూ నగలకూ వచ్చినవారు ఇక్కడ ఆగరు. మహాత్మాగాంధీ రోడ్డుకు, అంటే పాతవాళ్ళ జేమ్స్ స్ట్రీటుకు సాగిపోతారు. ఇక్కడ ఆగేవారికి కావలసినవి పంపులు, మోటార్లు, బోల్టులు, గొలుసులు. కాలిబాట సగం సరుకుదే. మిగిలిన సగం దాన్ని మోసే తోపుడుబళ్ళది.

నాకు కావలసింది ఒక్క కరెంటు డ్రిల్లు. స్నానాలగదిలో మా అమ్మ పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు కడ్డీ బిగించాలి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి భారం మోయవలసిన కడ్డీ. క్యాలెండరు మేకు వ్యవహారం కాదు. వస్తానన్న పనివాడు మూడు ఆదివారాలు రాలేదు. “మూడువేలు దాటితే మాత్రం వద్దండీ” అని మా ఆవిడ ముందే హద్దు గీసింది.

మొదటి రెండు దుకాణాల్లో ఎంతలో కావాలని అడిగారు. మూడోదాన్లో తెల్లగడ్డం పెద్దాయన, “గోడ దేనిది సార్? ఇటుకనా, పిల్లరా? మీద టైల్స్ ఉన్నయా?” అని అడిగాడు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

10 మిల్లీమీటర్ల చిన్న డ్రిల్లు చెక్కకూ రేకుకూ భేషుగ్గా ఉంటుందిట. ఇటుక గోడ దగ్గర ఆయాసపడుతుంది. 13 మిల్లీమీటర్ల ఇంపాక్టు డ్రిల్లులో పళ్ళున్న బిళ్ళలు రెండు ఒకదానిమీద ఒకటి ఎగిరిపడుతూ, తిరిగే బిట్టుకు నిమిషానికి వేలకొద్దీ చిన్న దెబ్బలు జోడిస్తాయి. అయిదారు వందల వాట్లయితే ఇంటికి చాలు. కాంక్రీటు పిల్లర్లు తొలిచే పెద్ద హ్యామరుంది చూశారూ, అది గాలి ఒత్తిడితో కొడుతుంది. బరువూ ఎక్కువ, ధరా ఎక్కువ. “ఏడాదికి నాలుగు బొక్కలకు అదెందుకు సార్?” అన్నాడు. బ్యాటరీది ముచ్చటగా ఉంది గాని, నెలల తరబడి బీరువాలో పడుంటే బ్యాటరీ చచ్చిపోతుంది. ప్లగ్గు ఉన్న ఇంటికి తీగే మేలు.

పిస్తోలులాంటి పిడి, వేలితో నొక్కే మీట అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్ళు 1917లో పేటెంటు పొందిన ఏర్పాటు. మన వడ్రంగి బరమా లాగే చేతికి అది హాయిగా ఉంటుందని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. మొదటిసారి పట్టుకుంటే మణికట్టు తిరిగిపోతుంది.

ఎదుటి వరసలో పేరూ ఊరూ లేని డ్రిల్లు సగం ధరకే ఉంది, డబ్బా మీద వెయ్యి వాట్లని అచ్చు. పెద్దాయన దానికీ, 2,400 రూపాయల దానికీ ఒకే బిట్టు బిగించి తిప్పి చూపాడు. చవకదాని బిట్టు కొన గంగిరెద్దులా తల ఊపింది. అలా ఊగితే రంధ్రం వెడల్పవుతుంది, ప్లగ్గు వదులవుతుంది, ఒకనాడు కడ్డీ చేతికొస్తుంది. కడ్డీతోపాటు వచ్చేదెవరో నేను వేరే ఊహించుకోనక్కర్లేదు. వేగం తగ్గించే మీట, వెనక్కి తిప్పే మీట, దెబ్బ ఆపే మీట మూడూ చూసుకుని 2,400 దానికే బిల్లు రాయమన్నాను.

టైలుకు వేరే బిట్టు, దెబ్బ ఆపి మెల్లగా. టైలు దాటాక కార్బైడు మొనగల గోడబిట్టు. “కుళాయికి సీదా పైన, స్విచ్చికి సీదా పైన పెట్టకున్రి. లోపల పైపులుంటయి, వైర్లుంటయి” అని రెండుసార్లు చెప్పాడు.

బిట్లు, ప్లగ్గులు, స్టీలు స్క్రూలు, ధూళి పడకుండా కళ్ళజోడు అన్నీ కలిపి 2,960. బస్సులో పక్కాయన నా ఒళ్ళో డబ్బా కేసి చూసి, “మీదే పేటండీ? మా ఇంట్లో ఒక కర్టెను రాడ్డుంది...” అని మొదలుపెట్టాడు.