పంపింగ్ బాగానే ఉంది, మరి ఆయాసమెందుకు?

బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు సాగితే దారి పొడవునా మర్రిచెట్లు, వాటి వెనక పూలతోటలు, కూరగాయల మడులు. ఈ దారిలో రెండు మెడికల్ కాలేజీలున్నాయి: యెంకపల్లిలో భాస్కర్, చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి. ఇటువైపు వచ్చింది గుండె వైఫల్యం గురించి తెలుసుకోవడానికి. ఇక్కడే కాదు, మన దగ్గర ఎక్కడైనా గుండె మాట వస్తే మొదట అడిగేది ‘పంపింగ్ ఎంతుంది?’ అనే. ఎకో రిపోర్టులో ‘ఈఎఫ్ 60 శాతం’ అని ఉంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అదే మనిషి నాలుగు మెట్లెక్కితే రొప్పుతాడు, కాలి మీద బొటనవేలితో నొక్కితే పడిన గుంట ఓ పట్టాన పూడదు. గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది ఇలాంటివాళ్లే. వీళ్ల జబ్బును గుండె కండరంలోనే వెతికితే సగమే దొరుకుతుంది, మిగతా సగం రక్తనాళాల్లో ఉందని నా వాదన.

పౌలస్, చోపె అనే వైద్యులు 2013లో చెప్పింది ఇదే. బీపీ, షుగర్, ఊబకాయం ఏళ్ల తరబడి రక్తనాళాల లోపలి పొరను వాచేలా చేస్తాయి. ఆ పొర నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, పక్కనున్న గుండె కండరం బిగుసుకుపోతుంది. 2018లో వివిధ దేశాల్లో పంపింగ్ బాగున్నా గుండె వైఫల్యం ఉన్న 202 మందిని పరీక్షిస్తే, 75 శాతం మందిలో గుండెలోని సన్నని నాళాలు సరిగా పనిచేయడం లేదని తేలింది.

నాళాలు చెడింది జబ్బు వల్లేనేమో, కారణం కాకపోవచ్చు కదా అనొచ్చు. దీనికి కొంత జవాబు ఈ రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే ఉంది. 1987-90 మధ్య కొన్ని ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం పెట్టారు. ఆ పిల్లలు 13-18 ఏళ్లకు వచ్చాక చూస్తే, ఆ ఆహారం అందని ఊళ్ల పిల్లల కన్నా వాళ్ల ధమనుల బిగువు తక్కువగా ఉంది. గుండె వైఫల్యానికి ఇది నేరుగా రుజువు కాదు. కానీ నాళాల కథ గుండెజబ్బు రాకకు ఎంతో ముందే మొదలవుతుందని మాత్రం చూపిస్తోంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మందుల నుంచి వస్తుంది. నాళాలే కారణమైతే వాటిని వెడల్పు చేసే నైట్రేట్ గోలీలు పనిచేయాలి. పంపింగ్ తగ్గినవాళ్లకు 1986లో హైడ్రలజీన్ అనే మందుతో కలిపి ఇచ్చినప్పుడు మేలు కనబడింది కూడా. పంపింగ్ బాగున్నవాళ్లకు 2015లో ఇచ్చి చూస్తే మాత్రం వాళ్ల చురుకుదనం ఇంకా తగ్గింది. నాళాన్ని తెరవడం వేరు, దెబ్బతిన్న పొరను బాగుచేయడం వేరు. చెడ్డాక సరిచేయడం కష్టమని ఆ ప్రయోగం చెబుతోంది. చెడకుండా కాపాడటం వృథా అని దానర్థం కాదు.

కాపాడితే ఫలితం ఎంతో 2008లోనే తేలింది. 80 ఏళ్లు దాటిన బీపీ రోగులకు మందులిస్తే గుండె వైఫల్యం 64 శాతం తగ్గింది. అందుకే చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లోనివారికి ఒక మాట: బీపీ నార్మల్‌కు వచ్చిందని మీ అంతట మీరే గోలీలు మానేయకండి. పల్లె దవాఖానకు వెళ్లి చేతికి పట్టీ కట్టించుకుని బీపీ చూపించుకోండి, మానాలో వద్దో డాక్టరునే అడగండి.