7 కిలోలు, 100 వాట్-అవర్లు

కృష్ణానగర్‌లో మా మావయ్య గదిలో గోడకి ఒక కొక్కెం త్రాసు వేలాడుతూ ఉంటుంది. బ్యాగు తగిలిస్తే బరువు అంకెల్లో చూపించే రకం. చూసినవాళ్లు ఈయన పాత పేపర్ల వ్యాపారం చేస్తాడేమో అనుకుంటారు. ఆయన సినిమాల్లో కెమెరా అసిస్టెంటు. ఆ త్రాసు విమానం ఎక్కడానికి.

మీలో చాలామందికి ఆ ఏరియా తెలిసే ఉంటుంది. పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసులు, ఫిల్మ్ ఛాంబర్, కొండమీద రామానాయుడు స్టూడియో. కింద కృష్ణానగర్, ఇందిరానగర్‌లో ఆ ఆఫీసులకి పనిచేసే మనుషులు. పొద్దున ఐదింటికే సందు చివర యూనిట్ వ్యాన్లు ఆగుతాయి. అరకులోనో వైజాగ్‌లోనో పెద్ద షెడ్యూల్ ఉంటే సామానంతా అవుట్‌డోర్ యూనిట్ వ్యాన్‌లో రోడ్డు మీద వెళ్లిపోతుంది, గొడవ లేదు. గొడవంతా ప్యాచ్ వర్క్‌తోనే. ఎడిటింగ్‌లో నాలుగు షాట్లు తక్కువయ్యాయి, రెండు రోజులు జైపూర్ వెళ్లి తీసుకురావాలి అంటారు. అప్పుడు ఐదారుగురే విమానంలో వెళ్తారు. కెమెరా అక్కడే అద్దెకి దొరుకుతుంది కానీ లెన్సులు, బ్యాటరీలు, హార్డ్ డిస్కులు మనవే ఉండాలంటాడు కెమెరామేన్. అవన్నీ అసిస్టెంటు చేతిలో పెడతారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. టికెట్ కొనేది ప్రొడక్షన్ మేనేజర్, బ్యాగు మోసేది మా మావయ్య. మేనేజర్ కంటికి కనిపించేది టికెట్ ధర ఒక్కటే, అన్నిటికన్నా తక్కువది నొక్కేస్తాడు. ఆ తక్కువలో ఏం తీసేశారో మావయ్యకి కౌంటర్ దగ్గర తెలుస్తుంది. అక్కడ ఎక్కువ బరువుకి కట్టిన డబ్బు తర్వాత ఆఫీసు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే రెండు రోజుల బేటా ఎగిరిపోయినట్టే. అందుకే ఆ త్రాసు. అందుకే ఈసీఈ చదివే మేనల్లుడిని కూర్చోబెట్టి, "ఒరే అల్లుడూ, ఆ రూల్సేంటో ఓసారి నాకు అర్థమయ్యేలా చెప్పరా" అనడం కూడా.

నేను ఎయిర్‌లైన్స్ పేజీలు తెరిచి కూర్చున్నాను. ఒక గంట చదివాక తలనొప్పి వచ్చింది. ఏడు కిలోలు, మూడు కిలోలు, 115 సెంటీమీటర్లు, 100 మిల్లీలీటర్లు, 100 వాట్-అవర్లు... అన్నీ ఒకే వరసలో, ఒకే గొంతుతో రాసి ఉంటాయి. అన్నీ సమానమైన రూల్సే అన్నట్టు. కానీ కాదు. రెండు రకాలున్నాయి. కొన్ని మీ టికెట్‌ని చూసే రూల్స్, కొన్ని మీ వస్తువుని చూసే రూల్స్. మావయ్యకి నేను చెప్పిన కిటుకు ఒక్కటే: "డబ్బు కడితే కుదురుతుందా?" అని అడుగు. కుదురుతుంది అంటే అది టికెట్ రూలు. ఎంత ఇచ్చినా కుదరదు అంటే అది వస్తువు రూలు.

ముందు టికెట్ సంగతి. ఇండిగోలో ఒక కేబిన్ బ్యాగు 7 కిలోల వరకు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 115 సెంటీమీటర్లు దాటకూడదు. అది కాక ఒక చిన్న ల్యాప్‌టాప్ బ్యాగో, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగో 3 కిలోల దాకా. అందరిదీ ఇదే లెక్క అనుకోకండి, ఎయిర్‌ఏషియాలో అయితే రెండూ కలిపి 7 కిలోలు. ఈ ఏడు ఆకాశం నుంచి ఊడిపడిన అంకె కాదు, అలాగని ఉత్త వ్యాపారం కూడా కాదు. 180 సీట్ల విమానంలో తలా 7 కిలోలంటే 1260 కిలోలు తలల మీద ఉన్నట్టు. పైన అరల్లో చోటు తక్కువ. ఒక్కొక్కరూ పెద్ద బ్యాగు తోసుకుంటూ నిలబడితే ఎక్కడమే ఆలస్యమవుతుంది, చౌక విమానాలు బతికేదేమో నేల మీద తక్కువసేపు ఆగడం మీద. కానీ 7.4 కిలోల బ్యాగు వల్ల విమానం పడిపోదు. డబ్బు కడితే ఆ బ్యాగే మీతో వచ్చేస్తుంది కదా.

చౌక విమానం అంటేనే బిల్లుని విడగొట్టి అమ్మడం. సీటుకి వేరే, సాంబారుకి వేరే, సంచికి వేరే. మన దేశంలో దీన్ని మొదలుపెట్టిన ఎయిర్ డెక్కన్ 2003లో వచ్చింది, రూపాయికి టికెట్ అని ఊరించింది. ఆ కెప్టెన్ గోపీనాథ్ జీవితం ఆధారంగానే సుధ కొంగర 2020లో సూర్యతో సినిమా తీశారు, మన తెలుగులో 'ఆకాశం నీ హద్దురా'. ఆ సినిమా చూసి మావయ్య ఏడ్చాడు. "పేదోడు విమానం ఎక్కాడు, బావుంది. పేదోడి సంచి మాత్రం ఎక్కలేదు" అన్నాడు ఆఖర్న. 2021 ఫిబ్రవరిలో డీజీసీఏ, చెక్-ఇన్ లగేజీ లేనివాళ్లకి ఇంకా తక్కువ ధరకి టికెట్ అమ్ముకోవచ్చని ఎయిర్‌లైన్స్‌కి అనుమతించింది. మావయ్య మేనేజర్ నొక్కేవి ఇలాంటి టికెట్లే.

ఈ గొడవ మనదొక్కటే కాదు. యూరప్ న్యాయస్థానం 2014లో ఒక స్పెయిన్ ఎయిర్‌లైన్ కేసులో, చేతి సామాను ప్రయాణానికి తప్పనిసరి, బరువూ సైజూ సబబుగా ఉంటే దానికి విడిగా డబ్బు అడక్కూడదు అంది. అయినా అడుగుతూనే ఉన్నారని స్పెయిన్ ప్రభుత్వం 2024 నవంబర్‌లో రయాన్‌ఎయిర్, వూయెలింగ్, ఈజీజెట్ లాంటి ఐదు సంస్థలకి కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంటే టికెట్ రూలు మీద వాదించొచ్చు, కోర్టుకెళ్లొచ్చు, జరిమానా వేయించొచ్చు. వస్తువు రూలు మీద అలా కుదరదు. అక్కడ అవతలి పార్టీ ఫిజిక్స్.

మన సబ్జెక్టు ఇక్కడ మొదలవుతుంది. లిథియం బ్యాటరీ దేనిదైనా సరే, విడిగా ఉన్నది చెక్-ఇన్‌లో వేయకూడదు, కేబిన్‌లోనే తీసుకెళ్లాలి. 100 వాట్-అవర్ల వరకు మామూలుగా ఒప్పుకుంటారు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అదీ రెండే. 160 దాటితే లేదు. లెక్క మీకు తెలిసిందే, వోల్టుల్ని యాంపియర్-అవర్లతో గుణించడం. మీ 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు 3.7 వోల్టుల దగ్గర 74 వాట్-అవర్లు, పర్లేదు. 30,000 అయితే 111, అనుమతి అడగాల్సిందే. కెమెరా బ్యాటరీలు చూడండి, చాలావాటి మీద సరిగ్గా 98 అని ఉంటుంది. 14.8 వోల్టులు, 6.6 యాంపియర్-అవర్లు. 105 చేయడం చేతకాక కాదు. విమానం ఎక్కాలని కొలిచి మరీ తయారుచేశారు. రూలు చూసి వస్తువు పుట్టడం అంటే ఇదే. ఇది నాకు మా క్లాసులో ఎవరూ చెప్పలేదు, కృష్ణానగర్ మంచం మీద పరిచిన బ్యాటరీలు చెప్పాయి.

కింద కార్గోలో ఎందుకు వద్దంటారంటే, అక్కడ మంట వస్తే హేలాన్ వాయువు వదులుతారు. మామూలు మంటని అది ఆర్పుతుంది. లిథియం సెల్లు లోపల తనంతట తాను వేడెక్కుతూ పోవడాన్ని, థర్మల్ రన్‌అవే అంటాం కదా, దాన్ని ఆపలేదు. పైనైతే కనీసం పొగ కనబడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లబరుస్తారు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం ఇంకా నేల మీద ఉండగానే పై అరలో మంట లేచింది. ఉన్న 176 మందీ బయటపడ్డారు, విమానం పైకప్పు కాలిపోయింది. పవర్‌బ్యాంకు లోపల ఇన్సులేషన్ దెబ్బతిని ఉండొచ్చని దర్యాప్తు చేసినవాళ్లు మార్చిలో చెప్పారు. ఆ తర్వాత కొరియాలో పవర్‌బ్యాంకులు అరలో పెట్టొద్దు, మీ దగ్గరే కనబడేలా పెట్టుకోండి అన్నారు. అది గాల్లో ఉండగా జరిగుంటే అన్న ఆలోచన వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక మావయ్య జైపూర్ ప్రయాణం. ఎయిర్‌లైన్ పేరు అనవసరం. ఫ్లైట్ ఫుల్. గేటు దగ్గర ఒక అబ్బాయి వచ్చి, అరల్లో చోటు లేదు, కొన్ని బ్యాగులు కింద వేస్తున్నాం అంటూ ట్యాగులు కట్టేస్తున్నాడు. మావయ్య బ్యాగు త్రాసు మీద 6.8 చూపించి వచ్చినదే. అయినా దానికీ ట్యాగు పడింది. ఇది టికెట్ రూలు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ బ్యాగులో నాలుగు బ్యాటరీలున్నాయి. అవి కిందికి వెళ్లకూడదు. ఇది వస్తువు రూలు. రెండూ అక్కడ ఎదురెదురు పడ్డాయి.

మావయ్యకి ఇంగ్లీషు రాదు, హిందీ లొకేషన్ హిందీ. "బ్యాటరీ హై, నీచే నహీ" అన్నాడు. ఆ అబ్బాయికి అది బ్యాగు వదలడం ఇష్టంలేని మనిషి సాకులా వినిపించింది. ఉదయం నుంచి అలాంటి సాకులు ఎన్ని విన్నాడో పాపం. "రూల్ హై సర్" అన్నాడు. వెనక క్యూ గొణుగుతోంది. మాసిన షర్టు, రబ్బరు చెప్పులు, పెద్ద బ్యాగు, ఇవతల నిలబడి "నహీ" అనే మనిషి. ఎవరైనా ఎవరి పక్షం వహిస్తారో చెప్పక్కర్లేదు. మావయ్య అన్న మాట ఇది: "నేను అక్కడ తగ్గితే పనైపోయేదిరా. అందరూ నన్ను మర్యాదస్తుడనేవాళ్లు."

తగ్గలేదు. కింద కూర్చుని జిప్పు తీసి, ఒక బ్యాటరీ బయటపెట్టి, దాని మీద 98 అంకె దగ్గర వేలు పెట్టి చూపించాడు. టెర్మినళ్ల మీద అప్పటికే టేపు వేసి ఉంది. విడి బ్యాటరీల కొనలు ఒకదానికొకటి తగలకుండా కప్పాలన్నది కూడా రూలే, కెమెరా అసిస్టెంటు దగ్గర టేపుకి కరువేముంది. ఆ అబ్బాయి ఒక్క నిమిషం చూసి సూపర్‌వైజర్‌ని పిలిచాడు. ఆవిడ వచ్చి అంకె చూసి, తెలుగులోనే, "బ్యాటరీలు తీసి మీ దగ్గర పెట్టుకోండి అంకుల్, ఖాళీ బ్యాగు ఇవ్వండి" అంది. ఆ తర్వాత ట్యాగు కట్టిన మిగతా బ్యాగుల వాళ్లందరినీ అడిగింది, పవర్‌బ్యాంకులు ఉన్నాయా అని. ముగ్గురు చేతులెత్తారట. అంతసేపూ గొణిగిన క్యూలోంచే.

చిక్కేమిటంటే తీసిన బ్యాటరీలు పెట్టుకోవడానికి వేరే సంచి లేదు. నాలుగూ మూడు కిలోల దాకా ఉంటాయి. హార్డ్ డిస్కులు కూడా తీసేశాడు. తువ్వాలులో మూటకట్టుకుని, ఒళ్లో పెట్టుకుని జైపూర్ దాకా కూర్చున్నాడు. ఇప్పుడు బ్యాగు పై జేబులో బట్టల షాపువాళ్లిచ్చిన గుడ్డ సంచి ఒకటి మడిచి ఉంటుంది. మీరూ పెట్టుకోండి. గేటు దగ్గర బ్యాగు తీసుకునేటప్పుడు మీకు దొరికేది అర నిమిషం.

డిస్కుల సంగతి వేరే. వాటికి ఏ రూలూ లేదు, ఫిల్మ్‌నగర్ సొంత రూలు తప్ప. తీసిన రషెస్ రెండు కాపీలు చేసి ఇద్దరి చేతికిస్తారు, వీలైతే వేర్వేరు ఫ్లైట్లలో పంపిస్తారు. చెక్-ఇన్‌లో మాత్రం చచ్చినా వేయరు. బ్యాగు పోతే ఎయిర్‌లైన్ పరిహారం కిలోల లెక్కన వస్తుంది, హీరో డేట్లు కిలోల్లో రావు. పాత రోజుల్లో ఇదంతా రీళ్లు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల సినిమా, రెండు కిలోల పైనే బరువు. రెండున్నర గంటల ప్రింటు ఏ కేబిన్ త్రాసుకీ లొంగేది కాదు. ఇప్పుడు సినిమా మొత్తం షర్టు జేబులో పడుతుంది. దాన్ని తీయడానికి వాడే బ్యాటరీ మాత్రం ఒళ్లో కూర్చుంటుంది.

మావయ్య గోడ మీద ఇప్పుడు త్రాసు పక్కన ఒక అట్టముక్క కూడా ఉంది. నేను తెలుగులో రాసిచ్చాను: ఏ బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు, ఏది పైన, ఏది కింద. పక్క గదుల్లో ఉండే అసిస్టెంట్లు వచ్చి ఫోన్‌లో ఫొటో తీసుకుని పోతున్నారు. మేకప్ డిపార్ట్‌మెంట్ ఆయన స్ప్రేల సంగతీ రాయమన్నాడు. వాళ్లావిడ ఆవకాయ సంగతి అడగమందట. నూనె తేలే పచ్చడి సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారండీ, గట్టిగా మూతబిగించి చెక్-ఇన్‌లో వేయండి అని చెప్పాను. ఎండుకొబ్బరి మాత్రం పైనా వద్దు, కిందా వద్దు. దాంట్లో నూనె తనంతట తాను వేడెక్కుతుంది, అందుకని ప్రమాదకర వస్తువుల జాబితాలో ఉంది. ఆవిడ నమ్మలేదు.

మొన్న మావయ్య మాల వేసుకున్నాడు. కొచ్చి దాకా విమానం, అక్కడినుంచి శబరిమల. ఇరుముడిలో నెయ్యి పోసిన కొబ్బరికాయ ఉంటుంది. మామూలుగా కేబిన్‌లో కొబ్బరికాయ ఒప్పుకోరు. 2024 అక్టోబర్‌లో మన శ్రీకాకుళం ఎంపీ, పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు అయ్యప్ప భక్తులకి ఆ సీజన్ వరకు, 2025 జనవరి 20 దాకా, సడలింపు ప్రకటించారు. తనిఖీ అయ్యాక ఇరుముడి చేత్తో తీసుకెళ్లొచ్చని. ఏ సీజన్‌కి ఆ సీజన్ చూసుకోవాలి. అదే చెప్పాను.

మావయ్య అంతా విని, త్రాసు తీసి ఇరుముడి తగిలించబోయి, తప్పని ఆగి, నా వైపు చూశాడు.

"ఒరే అల్లుడూ, స్వామివారి కొబ్బరికాయ ఎన్ని వాట్-అవర్లు ఉంటుందిరా?"