మా అరకు ప్రయాణము

అరకులోయను చూడవలెనని మా అత్తగారికి చిరకాలముగా కోరిక. గడచిన మాఘమాసమున మావారి పాఠశాలకు రెండు దినములు సెలవు కలసివచ్చెను. విజయనగరములో నొక కారును బాడుగకు మాట్లాడుకొని అత్తగారు, మావారు, నేను, ఆరేండ్ల మా చిన్నవాడు తెల్లవారుజాముననే బయలుదేరితిమి. ఆ లోయ సొగసును వర్ణించినవారు పెక్కురు కలరు. నేను వ్రాయబూనినది ఆ త్రోవలో నేను తెలిసికొన్న యొక చిన్న విషయము. అది కారు నడుపువారికి మాత్రమే కావలసినదని ఇంతకాలము తలచియుంటిని. అట్లు తలచుట ఎంతటి పొరపాటో ఆనాడు తెలియవచ్చినది.

శృంగవరపుకోట దాటిన కొంతసేపటికే తూర్పుకనుమలు ఎదురు వచ్చును. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. అంత యెత్తునకు దారి మలుపులు తిరుగుచు పోవును. ఒకమారు కొండ ఎడమప్రక్కను, లోయ కుడిప్రక్కను ఉండును. మరుక్షణమున అవి తారుమారగును. అనంతగిరి చేరువకు వచ్చుసరికి గాలి చల్లబడెను. కాఫీమొక్కకు తీవ్రమైన ఎండ గిట్టదు గనుక దానికి నీడ నిచ్చుటకై ఎత్తైన సిల్వరుఓకు చెట్లను పెంచియున్నారు. ఆ చెట్లను మిరియపుతీగలు అల్లుకొనియుండెను. ఒక్క తోటలో మూడు ఫలసాయములు! మా అత్తగారు చేతులు జోడించి, “భూమాత యెవరికిని లోటు చేయదమ్మా” అనిరి.

మా డ్రైవరు అరువదియేండ్లకు చేరువైనవాడు, మితభాషి. సగము కొండ ఎక్కిన పిమ్మట ఒక మలుపులో మా ముందున్న ఆర్టీసీ బస్సు, దిగివచ్చుచున్న లారీకి దారి యిచ్చుటకై ఆగినది. మా వెనుక నొక జీపు మమ్మానుకొన్నంత దగ్గఱగా నిలిచెను. అంతటి వాలులో ఆగిన బండి మరల కదలునపుడు వెనుకకు జారదా యని నా గుండె దడదడలాడెను. డ్రైవరు నిదానముగా తన ఎడమచేతి ప్రక్కనున్న పిడిని పైకి లాగెను. టికటికమని నాలుగైదు చప్పుళ్ళు వినవచ్చెను. బస్సు కదలిన తరువాత ఆయన క్లచ్చిని మెల్లగా వదలుచు, కుడికాలితో యాక్సిలరేటరు నొక్కి, ఇంజను బండిని ముందునకు లాగుచున్నదని తెలిసిన పిమ్మటనే ఆ పిడిని దించెను. కారు వెనుకకు వెంట్రుకవాసియైనను జరుగలేదు.

“తాతా! అదేమిటి?” అని మావాడు ముందునకు వంగెను.

“చెయ్యి బ్రేకు బాబూ. కాలి బ్రేకు నేను కూర్చున్నంతసేపే పనిచేస్తాది. నేను దిగిపోయాక బండిని పట్టుకునేది ఇదే.”

నాకును కుతూహలము కలిగి ఒక్కొక్కటియే అడిగి తెలిసికొంటిని. కాలి బ్రేకును త్రొక్కినపుడు గొట్టములలోని ద్రవము ఆ ఒత్తిడిని నాలుగు చక్రములకును చేర్చును. కాలు తీయగానే ఆ పట్టు వదలును. చేతి బ్రేకు వేఱు. దాని పిడికి ఉక్కుతీగ కట్టియుండును. పిడిని లాగగా ఆ తీగ సాధారణముగా వెనుకచక్రముల బ్రేకులను బిగించును. లోపల నున్న పండ్లచక్రమున నొక కొక్కెము పడి, చేయి తీసినను ఆ బిగువు సడలకుండ కాపాడును. ఆ టికటిక చప్పుడు దానిదే. పిడి చివరనున్న మీటను నొక్కినగాని అది దిగదు. వాలులో కదలునపుడు దాని సాయ మెందుకో ఇట్లు తోచినది: బావిలో చేద తోడునపుడు ఒకచేయి త్రాటిని గట్టిగా పట్టిన పిమ్మటనే గదా రెండవచేతిని వదలుదుము! కుడికాలు బ్రేకునుండి యాక్సిలరేటరు మీదికి పోవు ఆ లిప్తపాటు బండిని పట్టియుంచు రెండవచేయి ఇది.

పరుగెత్తు బండిని ఆపుటకు దీనిని లాగరాదనియు, వెనుకచక్రములు మాత్రమే బిగిసి బండి వెనుకభాగము ప్రక్కకు విసరివేయబడుననియు ఆయన చెప్పెను. కాలి బ్రేకు చెడిన ఆపత్సమయమున మాత్రము గేరు తగ్గించుచు, మీటను నొక్కిపట్టి, కొంచెము కొంచెముగా లాగవలెనట. దించుట మఱచి బండిని నడిపినచో బ్రేకులు వేడెక్కి అరిగిపోవును; అందుకే ఎదుట నొక ఎఱ్ఱదీపము వెలిగి హెచ్చరించును. వానకాలమున బండిని చాలదినములు కదల్పక ఉంచవలసినపుడు చేతి బ్రేకు వేసి విడిచినచో తుప్పుపట్టి అంటుకొనిపోవచ్చును. అపుడు సమతలమున నిలిపి, గేరులో నుంచి, చక్రములకు అడ్డు పెట్టుట మేలు. కొన్ని క్రొత్త కార్లలో పిడికి బదులు ఒక మీటయే యుండునట. దానిని తాకగా చిన్న మోటారు బ్రేకును బిగించును.

ముందున్న బస్సు ఒకచోట నిలిచి “బుస్” మని నిట్టూర్చినపుడు మావారు ఇంకొక సంగతి చెప్పిరి. పెద్ద బస్సులలోను, లారీలలోను నిలుపుదల బ్రేకును బిగించునది బలమైన స్ప్రింగు. గాలి ఒత్తిడి దానిని వెనుకకు నెట్టి పట్టియుంచిననే చక్రములు తిరుగును. డ్రైవరు ఆ గాలిని వదలుటయే ఆ నిట్టూర్పు. గాలి యంతయు పోయినచో బండి తనంతట తాను నిలిచిపోవునే కాని పరుగెత్తదు.

గాలికొండ వద్ద లోయను చూచుటకు ఆగితిమి. డ్రైవరు కారును ఎగువమొగముగా కొండ అంచున నిలిపి, కాలి బ్రేకుపై కాలుంచియే చేతి బ్రేకును లాగెను. ముందుచక్రములను కొండవైపునకు త్రిప్పి, ఇంజను ఆపి, మొదటి గేరులో నుంచెను. ఎగువమొగమైనచో మొదటి గేరు, దిగువమొగమైనచో వెనుక గేరు అని ఆయన నియమము. పిమ్మట దిగి, ఒక రాతిని తెచ్చి వెనుకచక్రమునకు ఆనించి పెట్టెను. ఇన్ని కట్టుదిట్టము లెందుకు, ముసలితనపు చాదస్తము గాక, అని నేను లోలోపల నవ్వుకొంటిని.

చిన్నవాడు వెనుకసీటులో నిద్రించుచుండెను. “బాబును ఒక్కడినీ వదలకండమ్మా” అని డ్రైవరు చెప్పెను. ఒక్క నిమిషమే గదా యని నేను లోయ అంచునకు పోయితిని. కారునకు దిగువను కాఫీ అమ్మువారి కొట్లు, బల్లలపై కూర్చున్న యాత్రికులు.

వెనుక ఏదో చప్పుడైనట్లు తోచి తిరిగి చూచితిని. డ్రైవరు స్థానమున మావాని తల! నిద్రలేచి ముందునకు ప్రాకి, తాత చెప్పినదంతయు జ్ఞాపకముంచుకొని, రెండుచేతులతో మీటను నొక్కి పిడిని దించినాడు. గేరుకఱ్ఱను గూడ ఊపి ఊపి విడిపించినాడు. కారు బెత్తెడు వెనుకకు జారినది. నా నోట మాట రాలేదు, కాళ్ళు కదలలేదు. అంతలో చక్రము రాతికి తగిలి నిలిచినది.

డ్రైవరు కాఫీగ్లాసు విడిచి పరుగెత్తివచ్చి, తలుపు తీసి, ముందుగా చేతి బ్రేకును లాగెను. తరువాతనే పిల్లవానిని ఎత్తుకొనెను. నన్ను ఒక్కమాటయైనను అనలేదు. “రాయుందమ్మా, భయం లేదు” అనెను. ఆ మాటకే నాకు కన్నీరు ఆగలేదు.

భారతయుద్ధము ముగిసిన దినమున శ్రీకృష్ణుడు అర్జునుని ముందుగా దింపి, తాను తరువాత దిగెను. ఆయన దిగిన పిమ్మటగాని రథము దగ్ధము కాలేదు. తాను లేనపుడు రథ మేమగునో ఎఱిగినవాడే సారథి యని ఆ కథకు అర్థము నా కానాడు బోధపడెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 126వ సెక్షనును ఈ మాటయే చెప్పుచున్నదని మావారనిరి: నడుప ననుమతి గలవా డొకడు డ్రైవరు స్థానమున లేనిచో, ఇంజను ఆపి, బ్రేకు వేసియో, ఇతరోపాయము చేతనో బండి అకస్మాత్తుగా కదలకుండునట్లు చేసిననే గాని దానిని బహిరంగ స్థలమున నిలిపియుంచరాదు.

సోదరీమణులారా! కారు మనము నడిపినను నడుపకున్నను అందు కూర్చుండునది మన బిడ్డలే. దిగునపుడు చేతి బ్రేకు వేసినారా యని అడుగుటకు సంకోచింపకుడు. ఎంతటి బ్రేకు వేసినను పసివానిని కారులో ఒంటరిగా విడువకుడు. ఈ రెండవ తప్పు నాది. అందుకే దాచక వ్రాసితిని.

మరల బయలుదేరునపుడు డ్రైవరు ఆ రాతిని తీసి రోడ్డునకు దూరముగా కొండమొదట పెట్టుటకు పోవుచుండెను. రోడ్డుపై విడిచినచో చీకటిలో మోటారుసైకిలుపై వచ్చువారు దానికి తగిలి పడుదురట. మావాడు “నేను, తాతా, నేను” అని పరుగెత్తి దాని నొక కొనను పట్టుకొనెను. ఇద్దరును కలసి మోసికొనిపోయిరి.