గోడ పడితే ఏం కాలేదు, నీళ్ళు పడి మెడ విరిగింది

బస్టర్ కీటన్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆ గోడ సీనే. 1928లో వచ్చిన ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’. గాలివానకి రెండంతస్తుల ఇంటి ముందుగోడ మొత్తం ఊడి ఈయన మీద పడుతుంది. పైనున్న కిటికీ ఖాళీ సరిగ్గా ఈయన నిలబడ్డ చోటికి రావడంతో బతికిపోతాడు. అది ట్రిక్ షాట్ కాదు, నిజం గోడే. భుజాలకీ కిటికీ అంచుకీ మధ్య కొద్ది అంగుళాలే. కాస్త పక్కకి జరిగితే అంతే సంగతులు. మా టీమ్‌లో కుర్రాడికి యూట్యూబులో చూపిస్తే “ఈయనకేమైనా పిచ్చా అన్నా?” అన్నాడు.

నాకలా అనిపించదు. కిటికీ ఎంత, మనిషెంత, ఎక్కడ నిలబడాలి, అన్నీ ముందే కొలుచుకుని చేసిన పని అది. కెమెరా దూరంగా ఉండి, మధ్యలో కట్ లేకుండా అంతా చూపిస్తుంది. అందుకే ముందు మన గుండె జారుతుంది, తర్వాత నవ్వొస్తుంది. ఆయన మొహంలో మాత్రం ఏమీ ఉండదు :)

ఇంతా చేస్తే ఆ గోడ వల్ల ఆయనకి గీత కూడా పడలేదు. మెడ విరిగింది వేరే సినిమాలో! 1924 నాటి ‘షెర్లాక్ జూనియర్’లో రైలు పెట్టెల మీద పరిగెడుతూ, ఇంజన్లకి నీళ్ళు పట్టే గొట్టం తాడు పట్టుకుని వేలాడతాడు. గొట్టం కిందకి వంగి నీళ్ళు ధబాల్న మీద పడతాయి. ఆ వేగానికి కిందపడి మెడ పట్టాకి కొట్టుకుంది. లేచి పరిగెత్తాడు. ఆ షాట్ సినిమాలో అలాగే ఉంది. తలనొప్పులొస్తున్నా పని ఆపలేదు. ఎముక విరిగిందన్న సంగతి ఎన్నో ఏళ్ళ తర్వాత ఎక్స్‌రేలో బయటపడింది.

గోడంటే అందరికీ భయమే, కాబట్టి కొలిచారు. నీళ్ళంటే ఎవరికి భయం?

మన దగ్గర మాత్రం? పదిమంది రివ్యూ చేసిన మైగ్రేషన్ చల్లగా అయిపోతుంది. “ఒక్క లైనే కదా” అని పెట్టిన మార్పు అర్ధరాత్రి రెండింటికి అందర్నీ నిద్రలేపుతుంది. అదైనా వెనక్కి తీసుకోవచ్చు. మెడ పట్టేస్తే ఒక మాత్ర వేసుకుని మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంటాం చూడండి, దానికి రోల్‌బ్యాక్ లేదు. కీటన్‌ని చూసి నవ్వుకోండి, కానీ ఆ లేచి పరిగెత్తడాన్ని మాత్రం గొప్పనుకోకండి. మెడ నొప్పి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి బాబూ!