గడప దాటిన పిల్లవాడు

చంటిబిడ్డ యెప్పుడు చంక దిగునాయని తల్లులు ఎదురుచూతురు. దిగిన బిడ్డ మరల నేల యెక్కవచ్చునని విసుగుకొందురు. ఈ రెండవ ప్రశ్నయే మూడేండ్ల క్రిందట మమ్ము మిక్కిలి బాధించినది.

మా చిన్నవాడు పదునొకండవ నెలలో, అమలాపురము చేరువనున్న మాతామహుల యింట గడప దాటెను. మన గోదావరి సీమలో గడప దాటిన శిశువునకు గారెలు, అడుగు వేసినవానికి అరిసెలు చేయుట ఆచారము. నెల గడచిన పిదప అరిసెలు పరచి వానిని నడిపించి, ఇరుగుపొరుగు పిల్లలకు పంచిపెట్టిరి. ఆచారములన్నింటిని వెనుకవేసికొని వచ్చువారము కాము. అయినను ఇందొక సొగసున్నది. బిడ్డ తల్లిని విడిచి దూరమగుటను మన పెద్దలు పిండివంటతో పండుగ చేసికొనిరి. తిరిగి తల్లికడకు వచ్చుటకు మాత్రము ఏ వంటయు ఏర్పరుపలేదు.

మరుసటి వేసవి సెలవులలో అచ్చటనే అరుగుమీద కూర్చుండి వాని సంచారమును గమనించితిమి. తల్లి నూతియొద్ద పాత్రలు తోముచుండగా వాడు కొబ్బరిచెట్టు మొదటివరకు పోవును, రాలిన పిందె నొకదానిని తెచ్చి ఆమె మోకాటిపై పెట్టును, మరల పోవును. ఈ పర్యాయము పశువులపాక వరకు. దూడ అరచినంతనే పరుగున వచ్చి కుచ్చెళ్లలో ముఖము దాచుకొనును. నిమిషము గడవకమున్నే ఆ కుచ్చెళ్ల చాటునుండియే దూడను తొంగిచూచును. ఒకనాడామె లేచి లోపలికి పోగా, సగము దారిలో వాని యాట ఆగిపోయెను. చెట్టు చెట్టుగనే యున్నది. అచ్చటికి పోవు ధైర్యము మాత్రము ఆమెతో లోపలికి పోయినది.

రఘువంశ తృతీయసర్గమున బాలరఘువు దాది వ్రేలు పట్టుకొని నడచెనని కాళిదాసు చెప్పియున్నాడు. ఆ శ్లోకమును ఎందరు విద్యార్థులకో బోధించితిమి. వంశస్థవృత్త గణములను లెక్కపెట్టించితిమి గాని, ఆ వ్రేలిని గూర్చి ఒక్కనాడును ముచ్చటింపలేదు.

ఇంత చూచియు తప్పు చేసితిమి. రెండున్నరయేండ్లు నిండగనే వానిని పట్టణమున నొక శిశుపాఠశాలలో చేర్చితిమి. బొమ్మలలో మునిగియున్నపుడు చెప్పక జారుకొనుడని అచ్చటివారు సలహా యిచ్చిరి. బిడ్డ స్వతంత్రుడు కావలెనను మాట ఉపాధ్యాయులమైన మాకు మిక్కిలి రుచించెను. తల్లి వలదన్నను వినక, ఆమె చేయి పట్టుకొని ప్రక్కతలుపు వెంట తీసికొనిపోయితిమి. నాలుగు దినములు అట్లే జరిగెను. అయిదవనాటినుండి వాడు ఇంటియందైనను తల్లిని విడువడు. స్నానపుగది తలుపునొద్ద కూర్చుండి యేడ్చును. రాత్రి లేచి ఆమె కొంగు తడవి చూచుకొనును. వాకిటి గడపయైనను దాటడు. మేము గద్దించితిమి. గద్దించినకొలది వాని పిడికిలి బిగిసెను.

పెద్దగా చదువుకొనని మా తల్లి ఒకనాటి సాయంకాలము, "ఒరే నాయనా, వాడు బొమ్మలకేసి చూసినప్పుడే కదా వాళ్లమ్మ మాయమైపోయింది. ఇంక దేనికేసి చూస్తాడురా?" అనెను. మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

తరువాత గ్రంథములు తిరుగవేసితిమి. మేరీ ఐన్స్‌వర్త్ అను పండితురాలు 1954-55లో ఉగాండా గ్రామములలో తల్లులను శిశువులను వారి యిండ్లయందే పరిశీలించి, బిడ్డ తల్లిని స్థావరముగా చేసికొని చుట్టుపట్లను శోధించుచు నడుమనడుమ మరలివచ్చుట గుర్తించెను. ఆ గ్రంథము 1967లో వెలువడెను. ఆమె మా నూతిగట్టును చూచెనా యనిపించినది. జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో విడుదల చేసిన చలనచిత్రమున, రెండేండ్ల బాలిక తల్లిని విడిచి ఎనిమిది దినములు ఆసుపత్రిలో నుండుట చూపెను. ఆ పిల్ల పెద్దగా గోల చేయదు. ఆ అణచుకొన్న దుఃఖమే చూచువారిని కలచివేయును. ఏడ్వని బిడ్డ అలవాటుపడినదని నమ్మువారు ఆ కాలమున అనేకులు. 1959లో బ్రిటనునందు ఒక సంఘము, ఆసుపత్రులలో తల్లిదండ్రుల రాకపోకలకు అడ్డు తీసివేయవలెనని సిఫారసు చేసెను.

మేము పాఠశాల మాన్పించితిమి. మన యిండ్లలో "వెళతాను" అనుట అపశకునము, "వెళ్లొస్తాను" అనవలెను. పెద్దలయెడ తప్పక పాటించు ఈ మర్యాద పిల్లవానికిని చెల్లునని మాకు తోచనేలేదు. నాటినుండి తల్లి పొరుగింటికి పోవునపుడైనను వానితో చెప్పి పోవును, చెప్పినట్లు వచ్చును. మొదట ఆ మాట వినగనే ఏడ్చెడివాడు. ఏడ్పించుటకంటె జారుకొనుటయే మేలు గదాయని మిత్రుడొకడనెను. ఆయన మా రాత్రులను ఎరుగడు. వాడు మరల వాకిలి దాటుటకు రెండునెలలు పట్టినది.

మొన్న మేము బడికి బయలుదేరుచుండగా వాడు చెప్పులు తొడుగుకొని మాకంటె ముందే వాకిట నిలిచి, "అమ్మా, వెళ్లొస్తాను" అని కేకవేసి, వీధి మలుపుదాక పోయెను. మలుపున ఒకసారి వెనుదిరిగి అరుగువంక చూచెను. తల్లి అచ్చటనే యుండెను. పిదప కనబడలేదు.