అమ్మకు స్పానిష్‌లో నాలుగు వాక్యాలు

మెక్సికోలో 1922 నుండి మే 10 అమ్మల పండుగ. స్పెయిన్‌లోనైతే మే నెల మొదటి ఆదివారం. ఆ సందర్భమున మా టౌన్‌షిప్ క్లబ్బులోని స్పానిష్ తరగతిలో రంగుకాగితాలు మడిచి, "కెరీదా మమా", అనగా "ప్రియమైన అమ్మా" అని మొదలుపెట్టి నాలుగేసి వాక్యాలు వ్రాయమన్నారు ఉపాధ్యాయిని.

చిక్కు అక్కడే వచ్చింది. "తూ" అంటే నువ్వు, "ఉస్తేద్" అంటే మీరు. కొలంబియాలో కొన్ని ప్రాంతాలవారు తల్లిని "ఉస్తేద్" అనే సంబోధిస్తారు. నాన్నగారిని "మీరు" అనీ, అమ్మను "నువ్వు" అనీ పిలుస్తూ పెరిగిన మాకు "తూ" తప్ప వేరొకటి కలానికి రాలేదు. అది అగౌరవమంటే మేము ఒప్పుకోము.

మాలో ఒకామెకు తల్లి గతించి ఏడాది కాలేదు. భూతకాల క్రియలు మాకింకా పాఠంలోకి రాలేదు. "మా అమ్మ పాడుతుంది, పూలు కడుతుంది" అని ఆమె వర్తమానంలోనే వ్రాశారు. ఉపాధ్యాయిని దిద్దలేదు.