గోదాట్లో కలిసిన తోటకి రంగులు

కోనసీమ అంటే రీల్స్‌లో ఎప్పుడూ ఒకటే ఫ్రేమ్. కాలువ, రెండువైపులా కొబ్బరిచెట్లు, పైన డ్రోన్. బాగుంటుంది, కాదనను. కానీ లంకల కథ వేరు. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలి సముద్రం వైపు వెళ్తూ, దార్లో వదిలిన ఒండ్రుతో ఏర్పడిన దీవులే ఈ లంకలు. ఇచ్చిన నదే ఒక్కోసారి తిరిగి తీసేసుకుంటుంది కూడా.

మా అమ్మమ్మగారి ఊరు పి.గన్నవరం వైపు ఓ లంక. వేసవిలో అయితే పాయకి అడ్డంగా వేసిన తాత్కాలిక రోడ్డు మీద బండి వెళ్తుంది. ఎర్రనీరు రాగానే ఆ రోడ్డు కొట్టుకుపోతుంది, ఇక పడవే దిక్కు. ఎత్తరుగుల పెంకుటిల్లు, వెనకాల తోట. కొబ్బరి నీడలో అరటి, కంద, పసుపు. ఓ పనసచెట్టు, నూతి దగ్గర నందివర్ధనం. తోట చివర గట్టు, దాని కింద గోదారి.

ఇప్పుడు ఇల్లుంది, తోట లేదు. ప్రతి వరదకీ గట్టు కోతకి గురై, వరస తర్వాత వరస చెట్లు నీళ్లలో పడిపోయాయి. ఇంట్లో ఎంత వెతికినా తోట ఫొటో ఒక్కటీ దొరకలేదు. అప్పట్లో ఫొటోలంటే పెళ్లిళ్లకే. తోటకి ఎవరు తీస్తారు?

అందుకే వాటర్ కలర్స్ తెచ్చుకుని కూర్చున్నా. గుర్తున్న తోటని వేయాలంటే ముందు రంగులు గుర్తు తెచ్చుకోవాలి. కొబ్బరాకు పచ్చలో కాస్త పసుపు ఉంటుంది. వెనక నుంచి ఎండ పడితే అరటాకు ఇంకా పసుపు. చెట్ల నీడ నలుపు కాదు, నీలం. గోదారికైతే ఒక్క రంగు చాలదు. వేసవిలో పల్చటి ఆకుపచ్చ, వరదలో ఎల్లో ఓకర్‌కి బర్న్ట్ సియన్నా కలపాల్సిందే.

రంగులు కుదిరాయి, చెట్ల దగ్గరే పేచీ. పనస ఎక్కడుండేది? నూతికి ఎడమపక్క అంది అమ్మ. ‘‘కాదక్కా, పశువుల పాక పక్కన. ఎనభయ్యారు వరదలో పడవ కట్టింది దానికే కదా’’ అన్నాడు మావయ్య. 1986 ఆగస్టు వరద లంకల్లో ఇప్పటికీ ఓ కొలత. 2022 జులైలో ఊళ్లు మునిగినప్పుడు కూడా ‘‘ఎనభయ్యారంత వచ్చిందా?’’ అనే అడిగారు. అలా నా బొమ్మలోకి నేను చూడని పడవ కూడా వచ్చి చేరింది. కొబ్బరిచెట్లనైతే మావయ్య ఏ చెట్టు ఎన్ని కాయలు కాసేదో చెప్తూ వరసలో పెట్టించాడు.

బొమ్మ పూర్తయ్యాక ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్లి పట్టాదారు పాస్‌బుక్ తెచ్చాడు. ఆ సర్వే నంబరు, సెంట్లతో సహా విస్తీర్ణం, అన్నీ ఇంకా అందులో ఉన్నాయి. నేల మాత్రం గోదాట్లో ఉంది. ‘‘దీన్లో చెట్లు లేవురా. నీ దాంట్లో ఉన్నాయి’’ అన్నాడు.

మీరు ఇటు వస్తే రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రకళా మందిరం చూసి రండి. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూసిన చిత్రకారుడాయన. వందేళ్ల కిందట గీసిన బొమ్మలు ఇవాళ మనతో ఎలా మాట్లాడతాయో అక్కడ తెలుస్తుంది.

తర్వాత మీ ఊరి సంగతి. పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఓ తెల్లకాగితం పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోండి. బొమ్మలు వేయడం రాకపోయినా పర్లేదు, చెట్టుకో సున్నా చుట్టండి చాలు. ఏది ఎక్కడుండేదో వాళ్లే కొట్లాడుకుని తేలుస్తారు.